మొన తీసిన చాకు

జేబు చాకులో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది దాని పదును కాదు. బ్లేడు వెన్ను పక్కన నెలవంకలాగా చిన్న గాడి ఒకటి ఉంటుంది చూడండి, అది. చాకు మూసి ఉన్నప్పుడు బ్లేడును పట్టుకోడానికి దొరికే చోటు అదొక్కటే. ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో చేతి బొటనవేలి గోరు ఆ గాడిలో ఆనించి లాగితే తప్ప తెరుచుకోదు. నేను దాన్ని గోరుగాడి అంటుంటాను. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, గోళ్లు మరీ మొదలంటా కత్తిరించుకుని ఉండకూడదు, తొందర పనికిరాదు. ఒకటి, రెండు లెక్కపెట్టేంత సేపు పడుతుంది. ఆ రెండు లెక్కల కాలం కోసమే నాకు ఈ చాకంటే ఇష్టం.

రోజూ జేబులో వేసుకుని తిరిగే వస్తువుల మీద మోజుపడే వాళ్లకు ఇప్పుడు ఈడీసీ అని ఒక పేరుంది, ఎవ్రీడే క్యారీ. పర్సు, టార్చిలైటు, పెన్ను, చాకు. వాళ్లలో ఎవర్ని కదిపినా ముందు చెప్పేది, బ్లేడు ఎంత వేగంగా బయటికొస్తుంది అని. బొటనవేలికి తగిలేటట్టు బ్లేడు మీద ఒక బుడిపె, లేదా వెనక చిన్న రెక్క. చూపుడువేలితో రెక్కను నొక్కితే టప్పుమని తెరుచుకుంటుంది. ఒక్క చెయ్యి చాలు. ఆ చప్పుడు కోసమే పదిసార్లు తెరిచి మూసేవాళ్లను చూశాను. చేతికి బాగుంటుంది, కాదనను. కానీ మామిడికాయ ఎక్కడికీ పారిపోదు కదా. పార్సిల్ మీద టేపు మనల్ని చూసి పరిగెత్తదు. అంత వేగం ఎదుట ఇంకో మనిషి ఉంటే తప్ప దేనికీ అని నా మనసులో ఎప్పుడూ ఉండే అనుమానం.

రెండో ఇష్టం, లాకు లేకపోవడం. పాత రకం మడత చాకుల్లో పిడి వెన్నులో ఉక్కు పట్టీ ఒకటి స్ప్రింగులాగా బ్లేడు మడమను నొక్కిపట్టి ఉంటుంది. తెరిచినప్పుడు టక్కుమని నిలబడుతుంది, మూసేటప్పుడు కాస్త మొరాయించి మూసుకుంటుంది. లాకు మాత్రం ఉండదు. కోసేటప్పుడు ఇబ్బందేమీ లేదు. కోసే బలం బ్లేడును ఇంకా తెరుచుకునే వైపుకే తోస్తుంది. పొడిస్తే వ్యవహారం మారిపోతుంది. మొన గట్టిదానికి తగిలి ఆగిందంటే బ్లేడు మడుచుకోవచ్చు, మడుచుకునే దారిలో ఉన్నవి నా వేళ్లే. అంటే ఈ చాకు కోతకు తోడొస్తుంది, పోటుకు రాదు. ఎదుటివాడి మీద పెట్టిన బలం పట్టుకున్నవాడి మీదికే తిరగొచ్చు. ఇది ఎవరో కూర్చుని నీతి కోసం చేసిన ఏర్పాటేం కాదు, ఖర్చు తక్కువని, సులభమని అట్లా చేశారు. నీతి తర్వాత మనం చదువుకున్నది.

బ్రిటన్‌లో చట్టం కూడా ఇట్లాగే చదువుకుంది. అక్కడ 1988 నాటి చట్టం ప్రకారం, మూడంగుళాలకు మించని మడత చాకును ఏ కారణమూ చెప్పకుండా జేబులో పెట్టుకోవచ్చు. తర్వాత ఒక కేసులో కోర్టు తేల్చిందేమిటంటే, లాకు పడే చాకు ఆ మినహాయింపులోకి రాదు. తెరిచి లాకు పడ్డాక అది మడత చాకు కాదు, మామూలు కత్తే. ఒక చిన్న ఇనుప ముక్క అడ్డం పడిందా లేదా అన్నదే అక్కడ పౌరుడికీ నేరస్థుడికీ మధ్య గీత. తమాషా ఏంటంటే, ప్రపంచంలో అందరికీ తెలిసిన సైన్యపు చాకు, స్విస్ సైనికులకు 1891లో ఇవ్వడం మొదలుపెట్టినది, దాంట్లోనూ యుద్ధం లేదు. ఒక బ్లేడు, డబ్బా మూత కోసేది, తుపాకీ విప్పే స్క్రూడ్రైవరు, తోలుకు బొక్క పెట్టే దబ్బనం లాంటిది. అంతే.

లాకు మీద నాకు కోపమేమీ లేదు. చెట్టెక్కి ఒక చేత్తో మోకు పట్టుకున్నవాడికి ఒంటిచేత్తో తెరుచుకునేది, తెరిచాక మడుచుకోనిదే కావాలి. ఒకే చెయ్యి పనిచేసే మనిషికీ అంతే. వాళ్ల వేళ్ల కన్నా నా సిద్ధాంతం గొప్పదని నేను అనలేను.

ఇదంతా ఏ బెంగళూరులోనో ఉండి ఆలోచిస్తే సరదా వ్యవహారం. నంద్యాలలో ఉండి, ఆళ్లగడ్డ చుట్టుపక్కల బంధువులుండి ఆలోచిస్తే వేరు. మాది ఆళ్లగడ్డ అని హైదరాబాద్‌లో చెప్పండి. అవతలి మనిషి కళ్లల్లో ముందు ఒక సుమో గాల్లోకి లేస్తుంది. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఇంద్ర', 'ఆది'. మూడు నాలుగేళ్లలో ఒక ప్రాంతానికి మొహం తయారుచేసి పెట్టారు. ఆ మొహం మీసం తిప్పుతుంది, తొడ కొడుతుంది, కొడవలి పట్టుకుంటుంది. బనగానపల్లె మామిడి, నంద్యాల సోనా బియ్యం, పొద్దున్నుంచి రాయి చెక్కే ఆళ్లగడ్డ శిల్పులు ఆ ఫ్రేములోకి రారు. అట్లాగని కక్షలు లేవని బుకాయించడం కూడా నాకు చేతకాదు. ఉన్నాయి. అవి సీమ రక్తంలోంచి పుట్టలేదు. భూమి, కాంట్రాక్టు, ఊళ్లో ఓటు ఎవరి చేతిలో ఉండాలనే పెత్తనం, వాటిలోంచి పుట్టాయి. ఎవరి పెత్తనం కోసమో ఎవరో చచ్చిపోయారు. చచ్చిపోయిన వాళ్లలో ఎక్కువమందికి పంచుకోడానికి పెద్దగా పొలాలేం లేవు.

మా జేజినాయనది ఆళ్లగడ్డ పక్క పల్లె. ఆయన మొలకు ఏ ఇనుప ముక్కా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. కానీ పెళ్లికి పోతే గోడకు వీపు ఆనించే కూర్చుంటాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చోడు. వీధి మలుపులో ఒక క్షణం నిలిచి, చెప్పులో రాయి పడినట్టు వంగి, వెనక్కి చూసి నడుస్తాడు. ఊళ్లో గొడవలు సద్దుమణిగి చాలా ఏళ్లయినా ఆ వంగడం పోలేదు. మహానంది శివరాత్రి తిరునాళ్లలో నేను కొన్న చాకు చూసి ఆయన అడిగిన మాట ఇది:

"ఎవురిమీదికి నాయనా?"

"మామిడికాయకు, జేజినాయనా."

ఆయన నవ్వలేదు. "అట్లే అంటారులే" అని లేచిపోయినాడు.

ఆ రెండు ముక్కల్లో ఉన్న తేడా నన్ను చాన్నాళ్లు పట్టుకుంది. పనిముట్టును చూస్తే మనం 'దేనికి?' అని అడుగుతాం. ఆయుధాన్ని చూస్తే 'ఎవరి మీదికి?' అని అడుగుతాం. విభక్తి ఒక్కటి మారితే వస్తువు మారిపోయింది. వస్తువు మాత్రం అదే, రెండున్నర అంగుళాల బ్లేడు, చింతచెక్క పిడి, మూడు ఇత్తడి రివెట్లు. ఆయన బతికిన కాలంలో 'దేనికి' అనే ప్రశ్న అడిగే తీరిక లేదు. 'ఎవరిమీదికి' అని అడిగినవాళ్లే ఇంటికి తిరిగొచ్చారు.

మన చట్టం మాత్రం 'దేనికి' అనే అడుగుతుంది. 1959 ఆయుధాల చట్టం ఆయుధాలేమిటో చెబుతూ, కేవలం ఇంటి వాడకానికి, వ్యవసాయానికి రూపొందించిన వస్తువులు ఆయుధాలు కావంటుంది. ఉదాహరణకు లాఠీ, మామూలు చేతికర్ర అని కూడా రాసింది. (లాఠీ ఇంటి వాడకపు వస్తువెట్లా అయిందో రాసినవాళ్లకే తెలియాలి.) దాని కింద నియమాల్లో కత్తులకు కొలతలున్నాయి: తొమ్మిదంగుళాల కన్నా పొడవైనవీ, రెండంగుళాల కన్నా వెడల్పైనవీ. అక్కడా మళ్లీ ఇల్లు, వ్యవసాయం, శాస్త్రం, పరిశ్రమ కోసం చేసినవి మినహాయింపే. అంటే చట్టం దృష్టిలో వస్తువు పుట్టిన ఉద్దేశమే దాని జాతకం. ఇక్కడి కక్షల చరిత్ర చూస్తే, మనుషుల్ని కోసింది ఎక్కువగా కొడవళ్లే. చేను కోసే కొడవలి, పొట్టేలును నరికే వేటకొడవలి. ఉద్దేశం ఇంటిది, పొలానిది. వాడకం వీధిది.

ఆళ్లగడ్డ నుంచి పాతిక కిలోమీటర్లు పోతే అహోబిలం. ఈ నియమాలు చదివినప్పుడల్లా నాకు హిరణ్యకశిపుడే గుర్తొస్తాడు. ఆయనా చాలా జాగ్రత్తగానే డ్రాఫ్టు రాసుకున్నాడు. మనిషి చేత కాదు, జంతువు చేత కాదు, ఇంట్లో కాదు, బయట కాదు, పగలు కాదు, రాత్రి కాదు, ఏ ఆయుధంతోనూ కాదు. నిర్వచనాలన్నీ సరిగ్గా ఉన్నాయి. చావు మాత్రం నిర్వచనాల సందుల్లోంచి వచ్చింది, సంధ్యవేళ, గడప మీద, గోళ్లతో. గోరు ఆయుధం కాదు కదా. జాబితా ఎంత పొడవుగా రాస్తే అన్ని సందులు. నా చాకు గోరుతోనే తెరుచుకుంటుందన్నది వేరే సంగతి, అహోబిలం పోయినప్పుడల్లా దాని మీద నాకు నేనే ఒక జోకు వేసుకుంటాను.

అసలు తెలుగువాళ్లం ఏడాదికోసారి ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేస్తాం. ఆయుధపూజ రోజు మా ఇంట్లో వరసగా ఏం పెడతారంటే, కత్తిపీట, కొడవలి, పార, స్పానరు, కుట్టుమిషను, వీధిలో బైకు. ఈమధ్య లాప్‌టాప్‌కు కూడా బొట్టు పెడుతున్నాం. పేరు ఆయుధపూజ, పెట్టేవన్నీ పనిముట్లు. బాలింత మంచం దగ్గర కత్తో ఇనుప ముక్కో పెట్టే ఇంట్లోనే, కత్తి చేతికి చేతికియ్యొద్దు, కింద పెట్టు, తీసుకుంటారు, లేకపోతే కొట్లాటలొస్తాయి అని కూడా అంటారు. ఒకే వస్తువు కాపలా కాస్తుంది, కాపురాలు కూలుస్తుంది. మూఢనమ్మకమని కొట్టిపారేయడం తేలిక. నాకైతే అది వస్తువు మీద కాక, ఇచ్చిపుచ్చుకోవడం మీద పెట్టిన కట్టడి అనిపిస్తుంది. మొన ఎటువైపు తిరిగి ఉందో ఇద్దరూ చూసుకోడానికి ఒక క్షణం. మళ్లీ ఆ గోరుగాడి క్షణమే.

మొన సంగతికొస్తాను. కొన్న ఆర్నెల్లకు దాని మొన తీయించేశాను. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కనే శిల్పుల షెడ్లుంటాయి. తెల్లటి దుమ్ములో సగం చెక్కిన వినాయకుళ్లు, కళ్లు లేని అమ్మవార్లు, బట్ట చుట్టిన నాయకుల విగ్రహాలు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అట్లాంటి ఒక షెడ్డులో గ్రైండర్ ముందున్న పెద్దాయన్ను అడిగితే, చాకును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగున్న మొనను ఎందుకు తీయించుకుంటావప్పా?"

"నాకు దాంతో పని లేదన్నా."

"పని ల్యాకపోతే వాడొద్దు. తీసేసేది ఎందుకు?"

అయినా తీసిచ్చాడు, డబ్బులు వద్దన్నాడు. ఇప్పుడు బ్లేడు చివర గుండ్రంగా, చిటికెనవేలి కొసలాగా ఉంటుంది. తీస్తూ తీస్తూ ఆయన ఒక మాటన్నాడు. విగ్రహం అంతా అయిపోయినా కళ్లు తెరవనిదే అది రాయేనంట. ప్రతిష్ఠ నాడు నేత్రోన్మీలనం చేసేది బంగారు సూదితో. "మొన ల్యాకపోతే దేవునికి సూపే లేదు" అన్నాడు, దుమ్ము ఊదుకుంటూ. నేను మొన మీద కట్టుకున్న వాదనకు అంతకన్నా మంచి బదులు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

మొన తీసేస్తే మనుషులు మెరుగవుతారని నమ్మినవాళ్లు లోకంలో నాకన్నా ముందే ఉన్నారు. ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ 1669లో మొన ఉన్న కత్తుల్ని నిషేధించాడు, భోజనాల బల్ల మీది కత్తి చివర గుండ్రంగా ఉండటం వెనక ఆ చరిత్ర కూడా ఉంది. 2005లో లండన్‌లో ఎమర్జెన్సీ వార్డు డాక్టర్లు ముగ్గురు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు: వంటింటి పొడుగు కత్తులకు మొన ఎందుకు? పదిమంది పేరున్న షెఫ్‌లను అడిగితే, అదేమంత అవసరం కాదన్నారు. ఆ డాక్టర్లను చాలామంది వెక్కిరించారు. నేను వెక్కిరించలేను. అర్ధరాత్రి పొట్ట చీలిపోయిన కుర్రాణ్ని బల్ల మీద చూసినవాళ్లకు, ఈ వస్తువు ఈ ఆకారంలోనే ఎందుకుండాలి అని అడిగే హక్కుంది. తాగి, కోపంతో, చేతికి అందిందాన్ని పట్టుకునే మనిషి దగ్గర చేతికి ఏమందిందన్నదే బతుకూ చావూ. ఫ్రెంచి ఆలోచనాపరుడు బ్రూనో లతూర్ తుపాకీ గురించి ఇట్లాంటి మాటే అన్నాడు. చంపేది తుపాకీ కాదు, ఒట్టి మనిషీ కాదు. తుపాకీ పట్టుకున్న మనిషి అనే మూడోవాడు. వాడు పట్టుకోక ముందటి వాడు కాడు, ఆ తుపాకీ అరలో ఉన్నప్పటి తుపాకీ కాదు.

అయితే కక్షలకు ఈ లెక్క సరిపోదు. అక్కడ ఎవరూ చేతికందింది పట్టుకోలేదు. వారాల తరబడి కాపు కాసి, దారి చూసి, మనుషుల్ని కుదుర్చుకుని చేశారు. మొనలేని కొడవళ్లతోనే చేశారు. కాబట్టి నా చాకు మొన తీయించడం వల్ల సీమకు శాంతి వస్తుందని నేను చెప్పబోవడం లేదు. నేను చెప్పదల్చుకుంది నా చెయ్యి గురించే.

మా వైపు పదును అంటే కత్తి అంచు ఒక్కటే కాదు. వాన పడి భూమి విత్తనానికి సిద్ధమైతే పదునైంది అంటారు. నంద్యాల నల్లరేగడిలో ఈ మాటకు చాలా విలువ. పదును తప్పితే ఆ విత్తనం వేసినా దండగే. అంటే పదును అనేది సిద్ధంగా ఉండటం. దేనికి సిద్ధంగా ఉన్నామన్నదే మిగతా కథంతా. చేతిలో ఊరికే టప్పుటప్పుమని తెరిచి మూసే చాకు, ఆ చప్పుడు సరదాకే కావొచ్చు, కానీ చెయ్యి ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉంటుంది. సైకిల్ నేర్చుకున్నట్టు, కీబోర్డు నేర్చుకున్నట్టు. రోజుకు యాభైసార్లు ఒక కదలికను సాధన చేసి, ఆ కదలికకు అర్థమే లేదనడం కష్టం. మా జేజినాయన మెడ నేర్చుకున్న సాధన నాకు తెలుసు. నలభై ఏళ్లుగా ఎవరూ రాని వీధిలో ఎవరో వస్తున్నట్టు వెనక్కి తిరుగుతుంది. ఆయన జేబులో కత్తి లేదు, ఒళ్లంతా తెరిచి లాకు పడిన చాకు. ఆ సిద్ధం నాకు వద్దు. గోరుగాడి, లాకు లేని స్ప్రింగు, గుండ్రటి చివర, ఈ మూడూ కలిసి నా చేతికి వేరే అలవాటు నేర్పుతున్నాయని నా నమ్మకం. ఆగు, కూర్చో, రెండు చేతులూ ఖాళీ చేసుకో, అప్పుడు కొయ్యి.

ఈ మాటలన్నీ చెబితే హైదరాబాద్‌లో పనిచేసే నా స్నేహితురాలు ఓపిగ్గా విన్నది. నైట్ షిఫ్టు ఆమెది. బ్యాగులో చాకు ఉంటుంది, మొన ఉన్నది, ఒంటిచేత్తో తెరుచుకునేది, లాకు పడేది.

"మొన తీయించుకునే సౌకర్యం నీకుంది" అన్నది. "సిద్ధంగా ఉండాలా వద్దా అని నన్నెవరైనా అడిగారా? క్యాబ్ డోర్ లాక్ పడిన చప్పుడు వినగానే నా చెయ్యి బ్యాగులోకి పోతుంది. అది నేను ఎంచుకున్న అలవాటా?"

అది వాడాల్సి వస్తే నీ చేతిలోంచి లాక్కోరా అని అడిగాను. లాక్కోవచ్చన్నది. అది తనకూ తెలుసు. "దాంతో పొడుస్తానని కాదు. అది ఉంది కాబట్టి క్యాబ్ ఎక్కగలుగుతున్నా. లేకపోతే ఉద్యోగం మానెయ్యాలి." నా గోరుగాడి లెక్కలో ఈ మాటను పెట్టడానికి చోటు కనబడలేదు. ఎదుటివాళ్లు ఎవరి మీదికో బయల్దేరిన లోకంలో, 'దేనికి' అనే ప్రశ్నతో బతకడం ఒక ఆస్తి లాంటిది. అది ఎవరికి ఎంత దక్కిందన్నది భూమి దక్కినట్టే ఉంటుంది, సమంగా కాదు. మా జేజినాయనకు దక్కలేదు. ఆమెకు దక్కడం లేదు. నాకెట్లా దక్కిందో వెతుక్కుంటే, గొడవలు ఆగిపోయాక పుట్టడం, మగవాడిగా పుట్టడం తప్ప వేరే కారణం కనిపించదు.

మొన్న మే నెలలో ఆమె నంద్యాల వచ్చింది. మిద్దె మీద గంపెడు బనగానపల్లె కాయలు ముందేసుకుని కూర్చున్నాం. బనగానపల్లె కాయకు తొక్క పల్చన, పీచు ఉండదు, టెంకకు ఆనించి రెండు పక్కలా కోసేస్తే చెక్కలు తేలిగ్గా ఊడొస్తాయి. దానికి మొన అక్కర్లేదు, నా చాకు హాయిగా కోసింది. రెండో కాయ తినేసరికి ఇద్దరి చేతులూ మోచేతుల దాకా రసం. ఎవరో పిలిస్తే చాకులు మూసి కిందికి పోయి, మళ్లీ పైకొచ్చాం. చేతులు అట్లాగే జిగురుగా ఉన్నాయి. ఆమె ఎడమ చేత్తో కాయ పట్టుకుని, కుడి బొటనవేలితో టప్పుమని చాకు తెరిచి కోయడం మొదలుపెట్టింది. నా గోరు గాడిలోంచి రెండుసార్లు జారింది.

"రా, నాది తీసుకో" అంటూ ఆమె తన చాకును నాకు ఇవ్వబోయి, ఆగి, పిడి నా వైపుకు తిప్పి మిద్దె గచ్చు మీద పెట్టింది.